భాగం – 14 : తండ్రి జ్ఞాపకం, కొడుకు రచన – ఆర్ట్ స్పీగెల్‌మాన్ ‘మౌస్’ : విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 చారిత్రక నేపథ్యం
14.3 రచయిత – రచన
14.4 కథా సంగ్రహం
14.5 విమర్శనాత్మక పరిశీలన
14.6 అన్వయం : మన ఇళ్లలోని జ్ఞాపకాలు
14.7 సారాంశం
14.8 మీ ప్రగతిని సరిచూసుకోండి : సమాధానాలు
14.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు
14.10 పదకోశం

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు :
– ఒక జాతి అనుభవించిన మహా విషాదం ఒక కుటుంబ జ్ఞాపకంగా సాహిత్యంలోకి ఎలా వస్తుందో వివరించగలుగుతారు.
– ‘మౌస్’ రచనలోని కథన పద్ధతిని, జంతు ముఖాల ప్రతీకను విశ్లేషించగలుగుతారు.
– వ్యక్తి జ్ఞాపకానికి, లిఖిత చరిత్రకు మధ్య ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
– విషాదం మిగిల్చే దీర్ఘకాలిక ప్రభావాలను గురించి తొందరపడి తీర్పు చెప్పకుండా విమర్శ రాయగలుగుతారు.

14.1 పరిచయం

గత భాగాలలో మీరు ఆత్మకథను, జీవిత చరిత్రను వేరువేరు ప్రక్రియలుగా చదివారు. తన కథ తాను చెప్పుకుంటే ఆత్మకథ. ఇతరుల కథ చెబితే జీవిత చరిత్ర. ఈ విభజన చాలా రచనలకు సరిపోతుంది. కాని ఒక కొడుకు తన తండ్రి కథ రాస్తున్నాడనుకోండి. ఆ కథలో తండ్రి అనుభవించిన బాధ ఉంది. ఆ బాధ నీడలో పెరిగిన కొడుకు బాల్యమూ ఉంది. తండ్రిని అడిగి, వాదించి, విసుక్కొని ఆ కథ రాబట్టిన సందర్భమూ ఉంది. అప్పుడది ఎవరి కథ అవుతుంది? ఈ భాగంలో మనం పరిశీలించే రచన ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అమెరికన్ చిత్రకారుడు, రచయిత ఆర్ట్ స్పీగెల్‌మాన్ రెండు సంపుటాలుగా ప్రచురించిన ‘మౌస్’ బొమ్మల కథ. చందమామ వంటి పిల్లల పత్రికలతో పెరిగిన మనకు బొమ్మల కథ అనగానే వినోదం గుర్తుకు వస్తుంది. ఈ పుస్తకం ఆ ప్రక్రియతోనే నాజీ మారణహోమం నుంచి బయటపడిన ఒక తండ్రి జ్ఞాపకాలను చెబుతుంది.

14.2 చారిత్రక నేపథ్యం

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలాండ్‌పై దండెత్తింది. అప్పటికి పోలాండ్‌లో సుమారు 33 లక్షల మంది యూదులు ఉండేవారు. యుద్ధం ముగిసేనాటికి వారిలో దాదాపు 30 లక్షల మంది హతులయ్యారు. యూరప్ మొత్తం మీద హతులైన యూదుల సంఖ్య సుమారు 60 లక్షలు. ఆక్రమిత పోలాండ్‌లో నాజీలు నెలకొల్పిన ఆష్‌విట్జ్ శిబిరంలోనే దాదాపు 11 లక్షల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు యూదులు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం ఆ శిబిరాన్ని విముక్తం చేసింది.

ఈ సంఖ్యలు తెలుసుకోవడం అవసరం. కాని సంఖ్య పెద్దదయ్యేకొద్దీ మనిషి కనబడకుండా పోతాడు. అరవై లక్షలు అన్నప్పుడు మనసు ఏ ముఖాన్నీ ఊహించుకోలేదు. కుటుంబ జ్ఞాపకం ఆ లెక్కలో నుంచి ఒక తండ్రిని, ఒక తల్లిని, ఒక పిల్లవాడిని బయటికి తెచ్చి చూపుతుంది. సాహిత్య విద్యార్థికి ఈ రచన ముఖ్యం కావడానికి మొదటి కారణం ఇదే.

14.3 రచయిత – రచన

ఆర్ట్ స్పీగెల్‌మాన్ 1948లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఆన్యా, వ్లాడెక్ పోలాండ్‌కు చెందిన యూదులు. ఇద్దరూ ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడినవారు. ఆర్ట్ పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్లి న్యూయార్క్ నగరంలో స్థిరపడింది. 1968లో ఆన్యా ఆత్మహత్య చేసుకుంది. వ్లాడెక్ 1982లో మరణించాడు.

తండ్రి చెబుతున్నదాన్ని ఆర్ట్ టేపులో రికార్డు చేసి, వాటి ఆధారంగా బొమ్మలు గీశాడు. 1980 నుంచి ‘రా’ అనే పత్రికలో ఈ కథ విడతలుగా వచ్చింది. మొదటి సంపుటం 1986లోను, రెండవది 1991లోను పుస్తకాలుగా వెలువడ్డాయి. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. రెండవ సంపుటం వెలువడినప్పుడు ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రిక దాన్ని కల్పనా సాహిత్యం జాబితాలో చేర్చింది. రచయిత అభ్యంతరం తెలుపుతూ లేఖ రాయగా వాస్తవ రచనల జాబితాలోకి మార్చింది. ఎలుక ముఖాలతో గీసిన కథను వాస్తవం అని నిలబెట్టుకోవలసి రావడం ఈ రచన స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఆధారం.

14.4 కథా సంగ్రహం

కథ రెండు కాలాలలో నడుస్తుంది. ఒకటి 1930ల నుంచి 1945 వరకు యూరప్‌లో వ్లాడెక్ గడిపిన జీవితం. రెండవది దశాబ్దాల తరువాత న్యూయార్క్‌లో తండ్రీ కొడుకుల మధ్య జరిగే సంభాషణ.

వ్లాడెక్ బట్టల వ్యాపారి. 1937లో సంపన్న కుటుంబానికి చెందిన ఆన్యాను వివాహమాడి సోస్నోవియెత్స్ పట్టణంలో స్థిరపడ్డాడు. వారికి రిషూ అనే కొడుకు పుట్టాడు. యుద్ధం రాగానే వ్లాడెక్ పోలిష్ సైన్యంలో పోరాడి జర్మన్లకు ఖైదీగా చిక్కి, తరువాత ఇంటికి చేరాడు. క్రమంగా వ్యాపారం పోయింది, ఇల్లు పోయింది, బంధువులు ఒక్కొక్కరే కనుమరుగయ్యారు. 1942లో యూదులందరినీ ఒక క్రీడా మైదానంలో చేర్చి, బతకనిచ్చేవారిని ఒకవైపు, తరలించేవారిని మరొకవైపు విడదీశారు. వ్లాడెక్ తండ్రికి మొదట బతికే వైపు చోటు దొరికింది. నలుగురు పిల్లలతో రెండవ వైపు నిలబడిన కూతురిని చూసి ఆ ముసలాయన తనంతట తానే కంచె దాటి ఆమె దగ్గరకు వెళ్లాడు. తిరిగి రాలేదు.

రిషూను భద్రత కోసం మరో ఊరిలో ఉన్న పెద్దమ్మ దగ్గరికి పంపారు. ఆ ఊరి యూదులను కూడా ఆష్‌విట్జ్‌కు తరలించబోతున్నారని తెలిసి ఆమె తన దగ్గరున్న పిల్లలకు, రిషూకు విషమిచ్చి తానూ తీసుకుంది. వ్లాడెక్, ఆన్యా రహస్య స్థావరాలలో దాక్కుంటూ వచ్చారు. హంగరీకి తప్పించుకుపోవాలని ప్రయత్నించినప్పుడు, దాటిస్తామన్నవారే పట్టించారు. 1944లో ఇద్దరూ ఆష్‌విట్జ్ చేరారు. అక్కడ వ్లాడెక్ ఇంగ్లీషు నేర్పి, రేకు పని చేసి, చెప్పులు కుట్టి బతికాడు. చివరకు డకావ్ శిబిరంలో విషజ్వరం బారిన పడి కూడా కోలుకున్నాడు. యుద్ధానంతరం భార్యాభర్తలు తిరిగి కలుసుకున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక : సమాధానాలు రాసిన తరువాత 14.8తో పోల్చుకోండి.
1. ‘మౌస్’ కథ నడిచే రెండు కాలాలు ఏవి?
2. రిషూ ఎలా మరణించాడు?

14.5 విమర్శనాత్మక పరిశీలన

14.5.1 రెండు కాలాలు, రెండు భాషలు

వ్లాడెక్ వ్యాయామం సైకిలు తొక్కుతూ, మందు బిళ్లలు లెక్కపెట్టుకుంటూ కథ చెబుతాడు. యుద్ధఖైదీల శిబిరం గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, సిగరెట్ బూడిద తివాచీ మీద పడిందని కొడుకును కసురుకుంటాడు. గతం ఒకచోట, వర్తమానం ఒకచోట విడిగా ఉండవు. ఒకే పుటలో పక్కపక్క గడులలో ఉంటాయి. గతం గడిచిపోలేదని రచయిత వ్యాఖ్యానించనక్కరలేదు. పుట అమరికే ఆ పని చేస్తుంది.

భాష విషయంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. న్యూయార్క్‌లోని వ్లాడెక్ మాట్లాడే ఇంగ్లీషు తడబడుతుంది, పదాల వరుస తారుమారవుతుంది. పోలాండ్‌లోని యువ వ్లాడెక్ మాటలు మాత్రం చక్కని, సహజమైన ఇంగ్లీషులో ఉంటాయి. కారణం స్పష్టమే : అక్కడ అతడు తన సొంత భాషలో మాట్లాడుతున్నాడు. నగరంలో పిల్లల ఇంట ఉంటూ పరభాషలో కూరగాయల బేరమాడే పల్లెటూరి తల్లిని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ తడబడే మనిషే సొంత ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పగలిగిన మనిషి కావచ్చు. వ్లాడెక్ పోగొట్టుకున్నవాటిలో బంధువులు, ఆస్తితోపాటు తడబడకుండా మాట్లాడగలిగిన లోకం కూడా ఉంది.

14.5.2 జంతు ముఖాలు : ప్రతీక, దాని పరిమితి

ఈ పుస్తకంలో యూదులకు ఎలుక ముఖాలు, జర్మన్లకు పిల్లి ముఖాలు, పోలిష్ జాతీయులకు పంది ముఖాలు, అమెరికన్లకు కుక్క ముఖాలు ఉంటాయి. పంచతంత్రం చదివిన మనం జంతువుల ద్వారా మనుషుల స్వభావాన్ని చెప్పడం ఎరుగుదుము. నక్క జిత్తులమారి, సింహం రాజు. స్పీగెల్‌మాన్ ఉద్దేశం వేరు. యూదులను క్రిములుగా, ఎలుకలుగా చిత్రించడం నాజీల ప్రచార పద్ధతి. ఆ దూషణనే తీసుకొని, ఎలుక ముఖం వెనుక భయపడే, ప్రేమించే, బేరమాడే, కోపగించుకునే మనిషిని చూపి రచయిత దానికి జవాబు చెప్పాడు.

ఈ ప్రతీక ఎక్కడ విరిగిపోతుందో కూడా రచయితే చూపుతాడు. రెండవ సంపుటం మొదట్లో ఆర్ట్ తన భార్య ఫ్రాన్స్‌వాజ్‌ను ఏ జంతువుగా గీయాలో తెలియక తికమకపడతాడు. ఆమె ఫ్రెంచి స్త్రీ, యూదు మతం స్వీకరించింది. కప్పగా గీయాలా, ఎలుకగా గీయాలా? మనుషులను జాతుల ప్రకారం గడులలో పెట్టడం అసాధ్యమని ఈ చిన్న హాస్య సన్నివేశం చెబుతుంది. మరోచోట యూదులు పోలిష్ వేషంలో తిరిగేటప్పుడు పంది ముసుగు కట్టుకుంటారు. ముసుగు తాడు మనకు కనిపిస్తూనే ఉంటుంది.

అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. నాజీల చేతిలో పోలిష్ ప్రజలు కూడా లక్షలలో చనిపోయారు. యూదులకు ఆశ్రయమిచ్చినవారూ వారిలో ఉన్నారు, ఈ కథలోనూ కనిపిస్తారు. అటువంటి జాతి మొత్తానికి పంది ముఖం పెట్టడం న్యాయమా అని పోలాండ్‌లో తీవ్రమైన విమర్శ వచ్చింది. ఇది తోసిపుచ్చదగిన విమర్శ కాదు. ముసుగు ముసుగేనని రచయిత గుర్తుచేసినా, పాఠకుడి మనసులో ముద్ర పడేది ముఖమే.

14.5.3 జ్ఞాపకం చెప్పేది, చరిత్ర చెప్పేది

రెండవ సంపుటంలోని ఒక సన్నివేశం ఈ రచనకు గుండెకాయ వంటిది. ఆష్‌విట్జ్‌లో ఖైదీలు పనికి వెళ్లేటప్పుడు ద్వారం దగ్గర వాద్యబృందం వాయించేదని ఆర్ట్ చదివాడు. తండ్రిని అడుగుతాడు. తనకు నడక, కాపలాదారుల కేకలే తప్ప వాద్యం ఏదీ గుర్తులేదని వ్లాడెక్ అంటాడు. అది పత్రాలలో రుజువైన విషయమని కొడుకు చెప్పినా ఒప్పుకోడు.

చిత్రకారుడు ఏం చేశాడో గమనించండి. మొదటి గడిలో వాద్యబృందాన్ని, వారి ముందు నుంచి సాగే ఖైదీల వరుసను గీశాడు. తండ్రి కాదన్న తరువాతి గడిలో ఖైదీల వరుస వాద్యబృందాన్ని పూర్తిగా కప్పేసింది. తలల మీదుగా వాద్యాల అంచులు మాత్రం కొద్దిగా కనిపిస్తాయి. తండ్రి అబద్ధమాడాడని కొడుకు అనలేదు. చరిత్రకారులు పొరబడ్డారనీ అనలేదు. వాద్యబృందం ఉంది. ఆ మనిషికి అది కనబడలేదు, వినబడలేదు. వెనకబడితే దెబ్బలు తినవలసినచోట ఖైదీ ముందున్నవాడి వీపునే చూస్తాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక మెళకువ నేర్చుకోవాలి. సాక్షి చెప్పిన వివరం రికార్డులతో సరిపడకపోతే సాక్ష్యం పనికిరాదని కొట్టివేయడం ఒక పొరపాటు. సాక్షి బాధితుడు కాబట్టి ఆయన చెప్పిందే చరిత్ర అనడం మరొక పొరపాటు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి రికార్డు కావాలి. జరుగుతున్నప్పుడు లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి సాక్షి కావాలి. స్పీగెల్‌మాన్ రెండింటికీ ఒకే పుటలో చోటిచ్చాడు.

14.5.4 మిగిలిపోయిన ప్రభావాలు : కారణం చెప్పడంలోని చిక్కు

వ్లాడెక్‌తో కలిసి బతకడం కష్టం. వీధిలో పడివున్న తీగముక్కను ఏరుకొని ఇంటికి తెస్తాడు. అద్దె ఇంట్లో గ్యాస్ ఖర్చు అద్దెలోనే ఉంది కాబట్టి అగ్గిపుల్ల ఆదా చేయడానికి పొయ్యి ఆర్పకుండా ఉంచుతాడు. సగం వాడిన తినుబండారాల పెట్టెలను దుకాణానికి తీసుకువెళ్లి తిరిగి ఇస్తాడు. కొడుకు బాల్యంలో కంచంలో అన్నం వదిలితే అదే కంచాన్ని, తినేదాకా మళ్లీ మళ్లీ ముందు పెట్టేవాడు. రెండవ భార్య మాలాతో డబ్బు విషయంలో నిత్యం గొడవ.

ఆకలి తెలిసిన మనిషి అన్నం మెతుకు పారేయలేడు. ఇది మనకు వెంటనే అర్థమవుతుంది. అందుకే ఈ రచన మీద ప్రశ్న ఇచ్చినప్పుడల్లా జవాబు పత్రాలలో ఒకే వాక్యం కనిపించేది : వ్లాడెక్ ప్రవర్తనకంతటికీ యుద్ధమే కారణం. నేను చాలా ఏళ్లు ఆ వాక్యానికి మార్కులు వేశాను. తరువాత పుస్తకాన్ని మళ్లీ చదివినప్పుడు, రచయితే ఆ వాక్యాన్ని ఒప్పుకోవడం లేదని గ్రహించాను.

ఒప్పుకోనిది మాలా పాత్ర ద్వారా. ఆమె కూడా శిబిరాల నుంచి బయటపడినదే. తమ స్నేహితులందరూ అటువంటివారేనని, వారిలో ఎవరూ వ్లాడెక్‌లా లేరని ఆమె చెబుతుంది. ఈ ఒక్క మాటతో తేలికైన వివరణ కూలిపోతుంది. ఒకే విషాదం అనేకమందిని తాకింది. ప్రతివారిలోనూ అది వేరే రూపంలో మిగిలింది. యుద్ధానికి ముందే వ్లాడెక్ లెక్కచూసుకొని బతికే మనిషి అని మొదటి అధ్యాయాలలో ఆధారాలున్నాయి. ఆ స్వభావమే శిబిరంలో రొట్టెముక్క దాచి ప్రాణం నిలిపింది. ప్రాణం నిలిపిన గుణమే న్యూయార్క్‌లో చుట్టూ ఉన్నవారికి ఊపిరాడనివ్వలేదు.

ఆర్ట్‌కు మరొక భయం కూడా ఉంది. తండ్రిని ఉన్నదున్నట్లు గీస్తే, యూదుడంటే పిసినారి అనే జాతి ద్వేషపు బొమ్మను తానే మళ్లీ గీసినట్లవుతుందేమో అని. దీన్నీ దాచకుండా పుస్తకంలోనే రాశాడు.

ఇంతకంటె కఠినమైన సన్నివేశం ఒకటుంది. దారిలో ఒక నల్లజాతి వ్యక్తిని ఫ్రాన్స్‌వాజ్ కారెక్కించుకుంటుంది. వ్లాడెక్ భయంతో, ద్వేషంతో గొణుగుతాడు. అతడు దిగిన తరువాత, నాజీలు యూదుల గురించి మాట్లాడిన తీరులోనే మీరు మాట్లాడుతున్నారని ఆమె మామగారిని నిలదీస్తుంది. ఆయనకు ఆ పోలిక అర్థం కూడా కాదు. బాధ పడినవాడు దానివల్ల మంచివాడవుతాడని మనం ఆశిస్తాం. మన పురాణాల్లో కష్టాలు పడినవారు చివరకు పుటం పెట్టిన బంగారంలా వెలుగుతారు. ఈ పుస్తకం ఆ ఊరట ఇవ్వదు. బాధ ఎవరినీ గొప్పవారిని చేయనక్కరలేదు. గొప్పవారు కాకపోయినా వారికి జరిగింది అన్యాయమే. సాక్ష్యం చెప్పేవాడు మహాత్ముడై ఉండాలని షరతు పెట్టకపోవడమే, నా దృష్టిలో, ఈ రచన సాధించిన పెద్ద విజయం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. వాద్యబృందం సన్నివేశం దేన్ని సూచిస్తుంది?
4. మాలా చెప్పిన మాటకు విమర్శలో ఉన్న ప్రాధాన్యం ఏమిటి?

14.5.5 వినబడని తల్లి గొంతు

మొదటి సంపుటం ఆన్యాకు అంకితం. కాని కథలో ఆమె సొంత గొంతు లేదు. ఆమె యుద్ధానంతరం తన అనుభవాలను నోటు పుస్తకాలలో రాసుకుంది. కొడుకు వాటి కోసం పదే పదే అడుగుతాడు. వెతికాను, కనబడలేదు అన్నట్లు తండ్రి దాటవేస్తాడు. మొదటి సంపుటం చివర అసలు సంగతి బయటపడుతుంది. ఆన్యా చనిపోయిన తరువాత, జ్ఞాపకాల బరువు భరించలేక వ్లాడెక్ వాటిని కాల్చివేశాడు. కొడుకు పెద్దయ్యాక వీటిని ఆసక్తితో చదవాలని ఆమె కోరుకున్నట్లు కూడా ఆయనే చెబుతాడు. ఆర్ట్ తండ్రిని హంతకుడని నిందించి వెళ్లిపోతాడు.

నిందకు కారణం ఉంది. ఆన్యాను ఒకసారి నాజీలు చంపబోయారు. తరువాత ఆమె తనను తాను చంపుకుంది. మిగిలిన అక్షరాలను భర్త చంపాడు. ఇప్పుడు ఆమె గురించి మనకు తెలిసేదంతా వ్లాడెక్ నోటి ద్వారానే. ఆయన కథలో ఆన్యా ఎప్పుడూ భయపడే, ఏడ్చే, భర్త ధైర్యం చెబితే నిలబడే స్త్రీ. ఆమె రాసుకున్న కథలో కూడా ఆమె అలాగే ఉండేదా? మహిళా శిబిరంలో ఆమె ఒంటరిగా బతికి బయటపడింది కదా! ఈ ప్రశ్నకు జవాబు బూడిదైపోయింది.

అయితే కొడుకు కూడా నిర్దోషిగా నిలబడడు. తల్లి మరణం మీద ఆర్ట్ అంతకుముందు గీసిన నాలుగు పుటల బొమ్మల కథను ఈ పుస్తకంలో యథాతథంగా చేర్చాడు. అందులో ఎలుకలు లేవు, మనుషుల ముఖాలే. చివరిసారి తల్లి గదిలోకి వచ్చి తనను ప్రేమిస్తున్నావా అని అడిగినప్పుడు అతడు ముఖం తిప్పుకున్నాడు. ఆమె వెళ్లి తలుపు వేసుకుంది. తల్లి చెప్పాలనుకున్నప్పుడు వినని కొడుకు, వినాలనుకునేసరికి తల్లి లేదు. తండ్రి ముందు టేపు రికార్డరు పెట్టుకొని కూర్చోవడంలో ఆ పశ్చాత్తాపం కూడా ఉందని ఊహించవచ్చు.

14.5.6 పుట్టకముందు జరిగినదాని జ్ఞాపకం

రిషూ చనిపోయిన తరువాత ఆర్ట్ పుట్టాడు. తల్లిదండ్రుల గదిలో అన్న ఫొటో ఉండేది. ఫొటోలోని పిల్లవాడు అల్లరి చేయడు, మొండికేయడు. అటువంటి అన్నతో పోటీ పడి గెలవడం ఏ తమ్ముడికీ సాధ్యం కాదు.

ఇటువంటి అనుభవానికి సాహిత్య విమర్శకురాలు మారియాన్ హిర్ష్ ‘పోస్ట్‌మెమరీ’ అని పేరు పెట్టింది. 1992లో ‘మౌస్’ గురించి రాసిన వ్యాసంలోనే ఈ మాటను వాడింది. తెలుగులో దీన్ని ‘వారసత్వ జ్ఞాపకం’ అనుకోవచ్చు. తాను చూడని సంఘటనను, తల్లిదండ్రుల మాటల్లో, మౌనంలో, అలవాట్లలో, ఫొటోలలో పొంది, దాన్ని తన సొంత జ్ఞాపకమంత తీవ్రంగా మోయడం దీని అర్థం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇది తండ్రి జ్ఞాపకానికి నకలు కాదు. తండ్రికి ఉన్నది చూసినదాని గుర్తు. కొడుకుకు ఉన్నది చూడనిదాన్ని పదే పదే ఊహించుకోవలసిన అవసరం.

రెండవ సంపుటంలో ఆర్ట్ తన బల్ల ముందు కూర్చొని ఉంటాడు. ముఖానికి ఎలుక ముసుగు. మొదటి సంపుటం విజయవంతమైంది, విలేకరులు, వ్యాపారులు చుట్టూ మూగారు. బల్ల కింద శవాల గుట్ట, ఈగలు. ప్రశ్నలు పెరిగేకొద్దీ అతడు చిన్నపిల్లవాడిగా కుంచించుకుపోతాడు. లక్షల మరణాల మీద తన పేరు నిలబడుతోందన్న అపరాధభావం అది. ఆ గుట్టను బల్ల కిందనే గీయడం వల్ల, ఈ పుస్తకాన్ని మెచ్చుకునే పాఠకుడు కూడా దాన్ని చూడక తప్పదు.

14.5.7 చెప్పవద్దన్నది చెప్పడం

మొదటి అధ్యాయంలో వ్లాడెక్ పెళ్లికి ముందు తనకు పరిచయమైన ఒక అమ్మాయి సంగతి చెప్పి, దీన్ని పుస్తకంలో రాయవద్దని కోరతాడు. ఆర్ట్ మాట ఇస్తాడు. ఆ కథను, ఆ మాట ఇచ్చిన సన్నివేశాన్ని కూడా గీశాడు. ఇది ద్రోహమా? ఆ వివరం వల్లనే వ్లాడెక్ బాధితుడు కాకముందు ఒక మామూలు యువకుడని మనకు తెలుస్తుంది. సాహిత్యానికి లాభం కలిగింది. తండ్రికిచ్చిన మాట మాత్రం పోయింది. లాభం ఉంది కాబట్టి తప్పు లేదనడం సరికాదు. రచయిత తన తప్పును దాచకుండా పాఠకుడి ముందు పెట్టాడు. తీర్పు మనకు వదిలాడు.

ముగింపులోనూ ఇదే నిజాయితీ ఉంది. ఆన్యాను తిరిగి కలుసుకున్నాక ఇద్దరూ సుఖంగా జీవించామని వ్లాడెక్ చెబుతాడు. అది నిజం కాదని అప్పటికే మనకు తెలుసు. అలసిపోయి, టేపు ఆపమని కొడుకుతో అంటూ అతడిని ‘రిషూ’ అని పిలుస్తాడు. కింద భార్యాభర్తల సమాధి రాయి. ఇన్నేళ్లు విన్నది, రాసింది చిన్న కొడుకు. చివరి పిలుపు పోయిన కొడుకుకు దక్కింది. ఆర్ట్ ఆ పొరపాటును సరిదిద్దలేదు.

14.6 అన్వయం : మన ఇళ్లలోని జ్ఞాపకాలు

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. ఒకసారి సంప్రదింపు తరగతిలో ‘మౌస్’ చెబుతుండగా, ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, గాలి గట్టిగా వీచిన రాత్రి తన తల్లి ఇప్పటికీ పడుకోదని, పిల్లలందరినీ ఒకే గదిలోకి చేర్చి కూర్చుంటుందని చెప్పింది. ఎందుకని ఎప్పుడైనా అడిగావా అన్నాను. అడగలేదన్నది. ఆ తరగతిలో అంతకు మించిన పాఠం నేను చెప్పలేదు.

పోలికను హద్దులలో ఉంచాలి. ఉప్పెన ప్రకృతి వైపరీత్యం. నాజీ మారణహోమం మనుషులు లెక్కవేసి, రైళ్లు నడిపి చేసిన హత్య. ఒకదానిలో నిందించడానికి సముద్రం ఉంది, రెండవదానిలో పక్కింటి మనిషి ఉన్నాడు. మిగిలే గాయం కూడా అందుకే వేరుగా ఉంటుంది. కాని తల్లిదండ్రుల అలవాటు వెనుక అడగని ప్రశ్న ఒకటి ఉండటం రెండుచోట్లా ఒకటే.

అభ్యాసకృత్యం : మీ ఇంటిలో లేదా ఊరిలో ఒక పెద్దవారిని వారు చూసిన ఒక పెద్ద విపత్తు గురించి అడిగి రెండు పుటలలో రాయండి. వారి అనుమతి తీసుకోండి. వారు ఆగినచోట మీరూ ఆగండి. వారి మాటలను వారి యాసలోనే ఉంచండి. తేదీ, స్థలం వంటి వివరాలు పత్రికలతో, పుస్తకాలతో సరిపోల్చండి. సరిపడకపోతే వారి మాట దిద్దకుండా, రెండింటినీ పక్కపక్కన రాయండి.

14.7 సారాంశం

‘మౌస్’ ఒక తండ్రి జ్ఞాపకాల ద్వారా ఒక జాతి విషాదాన్ని, ఆ జ్ఞాపకాలతో పెరిగిన కొడుకు ద్వారా దాని దీర్ఘకాలిక ప్రభావాన్ని చిత్రించిన రచన. గతాన్ని, వర్తమానాన్ని ఒకే పుటలో నిలపడం దీని కథన పద్ధతి. జంతు ముఖాలు నాజీల దూషణకు జవాబు. వాటి పరిమితిని రచయితే చూపినా, పోలిష్ ప్రజల చిత్రణపై అభ్యంతరం మిగిలే ఉంది. జ్ఞాపకం, రికార్డు విభేదించినచోట రెండింటికీ రచయిత చోటిచ్చాడు. బాధితుడి లోపాలన్నింటికీ విషాదమే కారణమనే తేలికైన సూత్రాన్ని ఈ రచన నిరాకరిస్తుంది. కాల్చివేసిన తల్లి నోటు పుస్తకాలు, మనకు చేరిన కథ సగమేనని గుర్తుచేస్తాయి.

14.8 మీ ప్రగతిని సరిచూసుకోండి : సమాధానాలు

1. 1930ల నుంచి 1945 వరకు యూరప్‌లో వ్లాడెక్ జీవితం. దశాబ్దాల తరువాత న్యూయార్క్‌లో తండ్రీ కొడుకుల సంభాషణ.
2. ఆష్‌విట్జ్‌కు తరలింపు తప్పదని తెలిసి పెద్దమ్మ విషమివ్వడం వల్ల.
3. లిఖిత చరిత్ర, వ్యక్తి జ్ఞాపకం విభేదించవచ్చునని; ఒకటి జరిగినదాన్ని, మరొకటి అనుభవాన్ని తెలుపుతాయని.
4. ఒకే విషాదం అందరిలో ఒకే ఫలితం ఇవ్వదని చెప్పి, వ్లాడెక్ స్వభావానికి యుద్ధమొక్కటే కారణమనే వాదాన్ని సవరిస్తుంది.

14.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘మౌస్’లో వ్యక్తి జ్ఞాపకానికి, చరిత్రకు ఉన్న సంబంధాన్ని చర్చించండి.
2. వ్లాడెక్ పాత్రను విశ్లేషిస్తూ, విషాదం మిగిల్చిన ప్రభావాలను గురించి రచయిత వైఖరిని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జంతు ముఖాల ప్రతీక ప్రయోజనాన్ని, పరిమితిని తెలపండి.
2. వారసత్వ జ్ఞాపకం అంటే ఏమిటి?
3. ఆన్యా నోటు పుస్తకాలు లేకపోవడం కథనాన్ని ఎలా ప్రభావితం చేసింది?
4. తండ్రికిచ్చిన మాట తప్పడం సమర్థనీయమా? మీ అభిప్రాయం రాయండి.

14.10 పదకోశం

మారణహోమం : ఒక జాతిని లేదా సమూహాన్ని తుడిచిపెట్టడానికి సాగించిన సామూహిక హత్య
సాక్ష్యం : కళ్లారా చూసినవారు చెప్పిన మాట
ప్రతీక : ఒక భావానికి గుర్తుగా నిలిచే రూపం
వారసత్వ జ్ఞాపకం : ముందు తరం అనుభవం తరువాతి తరంలో జ్ఞాపకంగా నిలవడం
అపరాధభావం : తప్పు చేశానని లోలోపల బాధపడటం